బిందె మీద చుక్కలు, రిజిస్టరులో చుక్కలు

రెవెన్యూ, రిజిస్ట్రేషన్, ఆర్కైవ్స్ శాఖల ఉన్నతాధికారులకు ఒక రైతు మునిమనవడి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మండల కార్యాలయంలో రెండు అర్జీలు, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు, దాని మీద మొదటి అప్పీలు. మూడేళ్లలో ఇన్ని కాగితాలు ఇచ్చాక నా చేతికి వచ్చింది ఒకే ఒక్క వాక్యం: "మీరు కోరిన రికార్డు ఈ కార్యాలయంలో లభ్యం కాదు." ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడి ఉద్యోగుల మీద నాకు కోపం లేదు. ఒక అటెండరు తన భోజనం వేళ మానుకుని నాతోపాటు రికార్డు గదిలో దుమ్ము దులిపాడు. జబ్బు ఒక్క కార్యాలయానిది కాదు కనుకనే ఈ ఉత్తరం మీకు, అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను అడిగింది మా ముత్తాత గురించి. ఆయన ఒంగోలు తాలూకాలో మెట్ట సేద్యం చేసిన చిన్న రైతు. ఊరి పెద్ద కాదు, ఉద్యమాల్లో జైలుకు వెళ్లినవాడూ కాదు. జొన్న, వరిగ, కంది వేసేవాడని, పొగాకు వచ్చాక కొన్నేళ్లు అదీ వేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఫొటో లేదు. చూసినవాళ్లలో ఆఖరి మనిషి మా నాయనమ్మ. ఆమె పోయి తొమ్మిదేళ్లు.

ఆమె పోయాక అటక మీది సామాను దింపితే ఒక ఇత్తడి బిందె దొరికింది. చింతపండు పెట్టి తోమితే మెడ కింద అక్షరాలు బయటపడ్డాయి. పాత్రల కొట్లో సన్నటి ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టి వేసే పేరు, మీ ఇళ్లలోనూ అలాంటి పాత్రలు ఉండే ఉంటాయి. ఇంటిపేరు తొలి అక్షరం, ఆయన పేరు, పక్కన 'ప్రభవ'. వేలితో తడిమితే ఇప్పటికీ గరుకుగా తగులుతుంది. ప్రభవ అంటే 1927. అయితే ఆ పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది కనుక 1867 కూడా కావచ్చు. పైగా మా ఇళ్లలో పెద్ద మనవడికి తాత పేరు పెడతారు. మా ముత్తాతకూ ఆయన తాతకూ ఒకే పేరు. బిందె ఇద్దరిలో ఎవరిదో తేల్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

తేల్చినవి కావిడిపెట్టె అడుగున ఉన్న శిస్తు రసీదులు. మడతల దగ్గర చిరిగిపోయిన ఏడు కాగితాలు. వాటి మీద ఫసలీ సంవత్సరాలు, అంటే శిస్తు లెక్కలకు వాడే ఏడాదులు, ఉన్నాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1341 ఫసలీ అంటే 1931-32. ఏడింటి మీదా కరణం గొలుసుకట్టు రాత, ఏడింటి మీదా మా ముత్తాత పేరు. అందులో రెండు ప్రభవకు ముందువి. కాబట్టి బిందె కొన్నది ఆయనే, అప్పటికే సొంతాన శిస్తు కడుతున్న మనిషి. కాలం తెలిసింది. ఎప్పుడు పోయాడన్నది మాత్రం సగమే తెలుసు. పుష్య బహుళ ఏకాదశి నాడు ఏటా తద్దినం పెడతాం. తిథి తప్పకుండా గుర్తుపెట్టుకున్న ఇల్లు ఏడాదిని మరిచిపోయింది. మా నాన్న చిన్నతనంలో కళ్లాల వేళ వంశరాజులు వచ్చి గోత్రం చెప్పి, వరసగా తాతముత్తాతల పేర్లు చదివి, గింజలు పట్టుకెళ్లేవారట. వాళ్లు ఇప్పుడు రావడం లేదు. వాళ్ల పిల్లలు ఏదో పట్నంలో స్థిరపడ్డారని విన్నాం.

ఇంట్లో దొరికింది ఇంతే. ఇక సర్కారు కాగితాల సంగతి.

మా ఊరు ఉన్నచోటనే ఉంది. జిల్లాలు మాత్రం మారుతూ పోయాయి. 1904కు ముందు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోది. ఆ ఏడాది గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, రెండేళ్లకు ప్రకాశం జిల్లా అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మారిన ప్రతిసారీ దస్త్రాలు ఒక గది నుంచి ఇంకో గదికి, ఒక బండి నుంచి ఇంకో బండికి ఎక్కాయి. మద్రాసు నాటి బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాత జిల్లా రికార్డుల్లో కొన్ని హైదరాబాదు తార్నాక ఆర్కైవ్స్‌కు చేరాయి. ఎన్నడూ ఊరు దాటని మా ముత్తాత కోసం నేను రెండు నగరాలు తిరగాలన్నమాట. తిరగడానికి సిద్ధమే. ఏది ఎక్కడ ఉందో చెప్పే పట్టిక మాత్రం ఎవరి దగ్గరా లేదు.

చివరికి ఒక తెలిసినవారి దయవల్ల మా ఊరి రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, మీరంతా ఆర్‌ఎస్‌ఆర్ అనే పుస్తకం, నకలు చూడగలిగాను. సర్వే నంబరు, మెట్టా మాగాణా, నేల తరం, ఎకరాల సెంట్లు, శిస్తు, పట్టాదారు పేరు, అన్నిటికీ గడులున్నాయి. తూర్పు పొలంలో రెండు ఎకరాల పద్నాలుగు సెంట్ల మెట్ట ముక్క మాది. దాన్ని మా ముత్తాత దున్నాడు, తాతయ్య దున్నాడు, ఇప్పుడు మా బాబాయి దున్నుతున్నాడు. ఆ వరస మీద వేలు పెట్టి పట్టాదారు గడి దాకా వచ్చాను. అక్కడ పేరు లేదు. వరసగా చుక్కలు. పేరు తెలియకో, తేల్చలేకో ఆనాటి గుమస్తా కలంతో పెట్టిన చుక్కలు.

ఇంట్లో ఆయన పేరు చుక్కలతోనే చెక్కి ఉంది. ఆఫీసులో అవే చుక్కలు ఆయన పేరును మింగేశాయి. ఆ పుస్తకం మూసి బయటికి వచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఇది కేవలం నా మనసుకు తగిలిన సంగతి అయితే మీకు ఉత్తరం రాసి ఉండేవాడిని కాదు. ఆ చుక్కల వెనక బతికి ఉన్న మనుషులున్నారు. వారికి జరుగుతున్నది వరసగా చెబుతాను.

1. చుక్కల భూముల సంగతి మీకు తెలిసిందే. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు గడిలో చుక్కలున్న భూములు నిషేధిత జాబితాకెక్కాయి, రిజిస్ట్రేషన్లు ఆగాయి. 2017లో వీటి కోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చారు, జిల్లా స్థాయి కమిటీలు పెట్టారు. చాలామందికి మేలు జరిగింది, కాదనను. మా బాబాయి అర్జీ మాత్రం ఇంకా తేలలేదు. ఆయనకు డెబ్బై ఒకటి. కూతురికి పసుపు కుంకుమ కింద అర ఎకరం రాసివ్వాలని ఎనిమిదేళ్లుగా అనుకుంటున్నాడు. అనుభవం రుజువు చేసే పాత కాగితాలు తెమ్మంటున్నారు. ఆ కాగితాలు, అంటే ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే పాత అడంగళ్లు, ఏటా శిస్తు తేల్చే జమాబందీ లెక్కలు, రాసింది సర్కారు, దాచింది సర్కారు. రైతు దగ్గర ఉండేది రసీదు ముక్క. తమ గదిలో ఉన్న కాగితాన్ని తామే వెతకకుండా, అది తెస్తేనే మాట్లాడతామని రైతుతో అనడం ఎంతవరకు సబబు? మీ తాళం మీ దగ్గరే పెట్టుకుని మమ్మల్ని తలుపు తీయమంటున్నారు.

2. మా బాబాయికి పనికొచ్చే సాక్ష్యం ఒకటి అనుకోకుండా దొరికింది, అదీ మా ఇంట్లో కాదు. పక్క పొలం వాళ్ల దగ్గర 1931 నాటి క్రయ దస్తావేజు ఉంది. ధరలు పడిపోయి, అప్పుల కింద పొలాలు చేతులు మారిన రోజులవి. అందులో చెక్కుబందీ రాశారు: తూర్పున డొంక, దక్షిణాన వాగు, ఉత్తరాన ఇంకొకరి మెట్ట, పడమరన మా ముత్తాత పేరు రాసి, 'వారి మెట్ట'. తన పొలం గురించి సర్కారు చుక్కలు పెట్టి వదిలేస్తే, ఇంకొకరి పొలానికి హద్దుగా ఆయన మిగిలి ఉన్నాడు. అసలు దస్తావేజు చీకిపోయింది, కమిటీ ముందు పెట్టాలంటే సర్టిఫైడ్ నకలు కావాలి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో అడిగితే ఆ సంపుటం శిథిలమైందన్నారు. ఎంత మేరకు శిథిలమైంది, ఆ పుటలు ఉన్నాయా పోయాయా అంటే జవాబు లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల నకళ్లుండే ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సులను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ఆ సెక్షను రాసినవారు తాళం వేసిన బీరువాను ఊహించి ఉండరు.

ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది. దానికి ముందరి వందేళ్ల క్రయాలు, తనఖాలు, దాన దస్తావేజులు, పంపకాలు అన్నీ చేత్తో రాసిన పుస్తకాల్లోనే. ఒక చిన్న మాట ఇక్కడే చెప్పాలి. అసలు దస్తావేజు పార్టీ తీసుకెళ్లిపోతుంది, పుస్తకంలో ఉండేది గుమస్తా ఎత్తి రాసిన నకలు. వేలిముద్రల రిజిస్టరులో మాత్రం మనిషి వేలు నిజంగా తగిలిన గుర్తు ఉంటుంది. మా ముత్తాత కొన్నా అమ్మినా, తాకట్టు పెట్టినా, ఆయన ఎడమచేతి బొటనవేలి ముద్ర ఎక్కడో ఒక పుటలో నల్లగా ఉండాలి. ఫొటో లేని మనిషికి అంతకన్నా దగ్గరి గుర్తు ఏముంటుంది?

3. అసైన్డ్ భూముల వారి, అంటే సర్కారు పేదలకిచ్చిన భూముల వారి, కష్టం ఇంకా పెద్దది. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు దరఖాస్తు మీద ఇచ్చిన డీకేటీ పట్టాలకు అమ్మకూడదన్న షరతు లేదు. ఆ తర్వాతి వాటికి పెట్టారు. అంటే పేదవాడి తాతకు పట్టా 1953లో వచ్చిందా, 1955లో వచ్చిందా అన్న దాని మీద మనవడి హక్కు ఆధారపడుతూ వచ్చింది. మా ఊరి దళితవాడలో ఒక పెద్దాయన దగ్గర పట్టా కాగితమే ఉంది, తేదీ ఉన్న చోట చెదలు తిన్నాయి. తేదీ చెప్పగలిగింది అసైన్‌మెంట్ రిజిస్టరు ఒక్కటే. అదీ 'లభ్యం కాదు'. కాగితం సగం పోయిందని భూమి మొత్తం నిషేధిత జాబితాలో ఉండిపోయింది. నా వెతుకులాట ముచ్చట కోసం మొదలైంది. ఆయనది పూట గడవడానికి సంబంధించినది. వరసలో ఆయన నాకన్నా ముందుండాలి.

4. ఆడవాళ్ల సంగతి. మా ముత్తవ్వ పేరు తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. అడంగల్లో లేదు, శిస్తు రసీదులో లేదు, బిందె మీదా లేదు, నీళ్లు మోసింది ఆవిడే అయినా. ఆఖరికి ఆమె పుట్టింటి తరఫు బంధువుల వద్ద ఒక దాన దస్తావేజు ప్రతి దొరికితే, అందులో పసుపు కుంకుమ కింద ఆమెకు యాభై సెంట్లు ఇచ్చినట్టు ఉంది. పేరు అక్కడ దొరికింది. ఆ యాభై సెంట్లు ఏమయ్యాయో ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

దీనికీ ఇవాళ్టి చట్టానికీ సంబంధం ఉంది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు 5 నుంచి, దేశమంతటా ఆడపిల్లలకు 2005 నుంచి ఉంది. అయితే ఆస్తి పిత్రార్జితమా, స్వార్జితమా అన్న ప్రశ్న వచ్చేసరికి లెక్క ముత్తాత దాకా వెళుతుంది. తాత కొన్నదా, తాతకు ఆయన తండ్రి నుంచి వచ్చిందా అని తేల్చే కాగితం లేకపోతే నష్టపోయేది ఎవరు? కోర్టు మెట్లెక్కలేని చెల్లెళ్లే. పాత రికార్డు దొరకకపోవడం పైకి అందరికీ ఒకే నష్టంగా కనిపిస్తుంది. అన్నదమ్ముల ఇళ్లలో అది ఎవరికి లాభమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

5. మా ముత్తాతకు కనీసం చుక్కలున్నాయి. ఆయనతో పాటు అరక కట్టిన పాలేరుకు అవీ లేవు. భూమి లేనివాడు భూమి రికార్డులోకి ఎలా వస్తాడు? జనన మరణాల రిజిస్టరులో రావాలి. ఊళ్లో మునసబు రాసి పైకి పంపే పుస్తకం అది. చావుకు కారణం అన్న చోట చాలావాటికి 'జ్వరం' అని ఒక్క మాట రాసి ఉంటుంది, అయినా పేరూ తేదీ ఉంటాయి. ఏ జ్వరమో తెలియకపోయినా ఎప్పుడో తెలుస్తుంది. మా ముత్తాత పోయిన ఏడాది కూడా అందులోనే ఉండాలి. ఇంకొకటి పాత బోర్డు స్కూళ్ల అడ్మిషన్ రిజిస్టర్లు: తండ్రి పేరు, వృత్తి, ఊరు. వీటిని రద్దీ కాగితాల కింద తూకానికి అమ్మేస్తున్నారని పలుచోట్ల విన్నాను. ఆ తూకంలో కొందరి ఏకైక ఆనవాలు పోతోంది.

6. చదివేవాళ్లు పోతున్నారు. గొలుసుకట్టు రాత చదవడం ఒక విద్య. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని వాక్యం చివరిదాకా కలం ఎత్తకుండా పోతాయి. దానికి తోడు తెలుగు అంకెలు, వీసాలు, పరకలు, పుట్లు, తూములు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆనాటికి పాతికేళ్లున్న చిన్న కరణం కూడా ఇవాళ అరవై అయిదు దాటి ఉంటాడు. నా రసీదులు చదివిపెట్టిన పెద్దాయనకు ఎనభై మూడు, ఒక కంట శుక్లం. భూతద్దం పెట్టుకుని "ఇది 'రూ' కాదు, 'ఋ' కాదు, చెల్లు గుర్తు నాయనా" అని ఆయన చెప్పేదాకా నేను ఆ కాగితాన్ని అప్పు పత్రం అనుకున్నాను. కాగితం నిలిచినా చదవలేకపోతే ఉండీ లాభం లేదు.

ఇక్కడ ఒక పక్కమాటకు అనుమతించండి. మా ఒంగోలు గిత్తల సంతతిని బ్రెజిల్‌లో నెల్లూరు జాతి అంటారు. 'నెలోరే' అని పలుకుతారు. అక్కడ వాటికి వంశావళి పుస్తకాలున్నాయి. 1938 నుంచి ఏ దూడ ఏ గిత్తకు, ఏ ఆవుకు పుట్టిందో రాసి పెట్టారు. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి వెళ్లిన ఒక గిత్త పేరు 'కర్వాడి'. అది ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే. ఇవాళ కోట్ల విలువ చేసే పశువుల యజమానులు తమ గిత్త ఆ కర్వాడి సంతతి అని తరాలు లెక్కపెట్టి చెబుతారు. మా వైపు నుంచి వెళ్లిన గిత్తకు ముత్తాత ఎవరో దొరుకుతుంది. దానికి జొన్న చొప్ప వేసి పెంచిన మనిషికి దొరకదు.

చేయలేని పనేమీ కాదు. మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వారు, చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన మనవాళ్ల రిజిస్టర్లను భద్రపరిచి, మునిమనవలు అడిగితే వెతికిపెట్టి కాగితం ఇస్తారు. ఓడెక్కి పోయిన తెలుగువాడి ఊరి పేరు అక్కడ దొరుకుతున్నప్పుడు, పోకుండా ఇక్కడే దున్నినవాడి పేరు ఇక్కడ దొరకాలి కదా.

మీ ఇబ్బందులూ నాకు తెలుసు. సిబ్బంది తక్కువ, రికార్డు గదులకు కిటికీలు లేవు, ఒక్కో ఎన్నికకు, ఒక్కో పథకానికి అదే గుమస్తాను లాక్కెళతారు. పాత రికార్డులు తెరిస్తే దొంగ కాగితాలు పుట్టించేవాళ్లకు దారి ఇచ్చినట్టవుతుందని ఒక అధికారి నాతో అన్నారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం చెబుతాను. దొంగ కాగితం బతికేది అసలు కాగితం ఎవరికీ కనపడనంత కాలమే. అందరూ చూసే పుస్తకంలో ఎవడూ పుట దిద్దలేడు. మూసిన గదిలో దిద్దగలడు, దిద్దారు కూడా.

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

1. ప్రతి మండల, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో 1985కు ముందరి రికార్డులు ఏమేం ఉన్నాయో ఊరి వారీగా, సంవత్సరం వారీగా పట్టిక రాసి గోడకు అంటించండి, వెబ్‌సైటులోనూ పెట్టండి. బాగున్నవి, శిథిలమైనవి, లేనివి అని విడివిడిగా. దీనికి కంప్యూటర్లు కొననక్కర్లేదు. నెల రోజులు ఒక మనిషి, ఒక నోటుపుస్తకం చాలు.

2. 'లభ్యం కాదు' అన్న జవాబును రద్దు చేయండి. దానికి మూడు అర్థాలున్నాయి: ఎన్నడూ లేదు; ఉండేది కానీ పోయింది; ఉంది కానీ మేం వెతకలేదు. మూడింటిలో ఏదో అధికారి సంతకంతో రాయాలి. పోయిందంటే ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో తీసేశారో నంబరు ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం 8(3) ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన సంగతుల మీద, మూడు మినహాయింపులు తప్ప, సమాచారం ఇవ్వాల్సిందే. మా ముత్తాత సంగతి తొంభై ఏళ్లు దాటింది.

3. ఆర్‌ఎస్‌ఆర్, పాత అడంగళ్లు, ఇండెక్సులు, జనన మరణాల రిజిస్టర్లు ముందు ఫొటోలు తీయించండి. దయచేసి టైపు చేయించడంతో మొదలుపెట్టవద్దు. చదవడం రాని పిల్లాడి చేత రోజుకు ఇన్ని పుటలని టైపు చేయిస్తే పేర్లు ఎలా మారిపోతాయో మా బాబాయి పాసుపుస్తకమే సాక్ష్యం, ఆయన ఇంటిపేరులో రెండు తప్పులు. పుట బొమ్మ బయట ఉంటే చదువుకునేవాళ్లం మేం చదువుకుంటాం.

4. చుక్కల భూములు, అసైన్డ్ భూముల అర్జీల్లో మొదట కార్యాలయమే తన రికార్డు వెతికి, ఏం దొరికిందో రైతుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తర్వాతే రైతును కాగితాలడగాలి. ఇందుకు గడువు పెట్టండి. గడువులోగా వెతకకపోతే ఆ లోపాన్ని రైతు మీద వేయకూడదు. ఇరుగుపొరుగు దస్తావేజుల చెక్కుబందీని అనుభవానికి సాక్ష్యంగా చూడాలని కమిటీలకు స్పష్టంగా రాయండి.

5. జిల్లాకు ఇద్దరు ముగ్గురు పాత కరణాలను గౌరవ వేతనంతో పిలిపించండి. వారి పక్కన నలుగురు కుర్రవాళ్లను కూర్చోబెట్టండి, ఏడాదిలో గొలుసుకట్టు పట్టుబడుతుంది. ఆర్కైవ్స్ శాఖ దీన్ని చిన్న కోర్సుగా నడపవచ్చు. ఈ ఒక్క పనికి మాత్రం రేపు అనడానికి వీల్లేదు.

6. 1984లో అప్పగించకుండా కొన్ని కరణాల ఇళ్లలో ఉండిపోయిన దస్త్రాలు ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఇవ్వాలనే అనుకుంటారు, ఇస్తే కేసు పెడతారేమోనని భయం. ఒక ఏడాది గడువు పెట్టి, తెచ్చి ఇచ్చినవారిని ఏమీ అడగబోమని ప్రకటించండి. రసీదు ఇచ్చి తీసుకోండి.

7. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తిస్తుంది. మండల కార్యాలయం గదికి దాని నీడ పడదు. పరిశీలన లేకుండా ఒక్క పాత పుస్తకాన్నీ తగలబెట్టడానికి గానీ తూకానికి వేయడానికి గానీ వీల్లేదని అంతే గట్టిగా ఇక్కడా నిబంధన ఉండాలి. అది వచ్చేదాకా కనీసం ఒక సర్క్యులర్ పంపండి.

బతికి ఉన్నవారి వివరాలు మాకు అక్కర్లేదు. ఆధార్ నంబర్లు, ఫోను నంబర్లు, ఇవాళ్టి అప్పులు ఎవరికీ చూపించవద్దు. డెబ్బై అయిదేళ్లు దాటిన పుస్తకాలు తెరవమంటున్నాం, అంతే.

మా రెండో అప్పీలు ఈ నెలలో సమాచార కమిషన్‌కు వెళుతోంది. బాబాయి అర్జీ జిల్లా కమిటీ ముందుకు మళ్లీ వస్తుందని చెప్పారు. ఏడు శిస్తు రసీదులు, పక్క పొలం దస్తావేజు ఫొటో, గొలుసుకట్టు చదివిన పెద్దాయన రాసిచ్చిన కాగితం సిద్ధంగా ఉన్నాయి. బాబాయి మాత్రం బిందె కూడా పట్టుకొస్తానంటున్నాడు. కాగితాలు చాలు బాబాయ్ అంటే వినడం లేదు. "పేరు లేదన్నారుగా, తడిమి చూసుకోమను" అంటున్నాడు. ఆ రోజు ఒంగోలు బస్సులో కిటికీ పక్క సీటు ఒకటి బిందెకు కావాలి.

ఇట్లు,
ఒంగోలు పాత తాలూకాకు చెందిన
ఒక రైతు మునిమనవడు